డంపింగ్ యార్డు జల్లెడ మట్టి పొలానికి తోలుకోవచ్చా?

ప్రశ్న: మా ఊరి పక్కన మున్సిపాలిటీ డంపింగ్ యార్డులో మిషన్లు పెట్టి పాత చెత్తను జల్లెడ పడుతున్నారు. ప్లాస్టిక్ తీసేశాక మిగిలిన నల్లమట్టిని, ట్రాక్టరు కిరాయి మనమే పెట్టుకుంటే ఊరికే ఇస్తారట. నేను ఆకుకూరలు, టమాటా వేస్తాను. తోలుకోవచ్చా? యార్డుకు దిగువన ఉన్న మా బోరు నీళ్లు వానలప్పటి నుంచి రంగు మారాయి. గేదెలు కూడా అటే మేతకు పోతున్నాయి. – ఒక కూరగాయల రైతు

జవాబు: ఆకుకూరల మడికి ఆ మట్టి ఒక్క ట్రక్కు కూడా వద్దు. టమాటాకైనా ల్యాబ్ రిపోర్టు చూసేదాకా ఆగండి.

పైకి మాగిన పశువుల ఎరువులాగే కనిపిస్తుంది. కానీ పాత బ్యాటరీలు, పెయింటు డబ్బాలు, పగిలిన ట్యూబ్‌లైట్లు ఏళ్ల తరబడి తడి చెత్తతో కలిసి నానిన మట్టి అది. జల్లెడ రాళ్లను, కవర్లను ఆపుతుందే గానీ సీసం (లెడ్), కాడ్మియం లాంటి విష లోహాలను ఆపలేదు. పాలకూర, తోటకూర కాడ్మియాన్ని ఇట్టే ఆకుల్లోకి లాగేస్తాయి. అయినా మొక్క నవనవలాడుతూనే ఉంటుంది, చూసి పసిగట్టలేం. ఉప్పు శాతం కూడా ఎక్కువుంటే నారు ఆకుల అంచులు మాడతాయి. గాజు పెంకుల సంగతి కలుపు తీసే కూలీలను అడగండి!

ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పట్టణ చెత్తతో చేసే సిటీ కంపోస్టులో కిలోకు సీసం 100 మి.గ్రా., క్రోమియం 50, నికెల్ 50, కాడ్మియం 5, పాదరసం 0.15 మించకూడదు. ఈసీ (ఉప్పు ఎంతుందో తెలిపే కొలత) 4 లోపే ఉండాలి. ఈ వివరాలతో సంచిలో అమ్మే కంపోస్టు వేరు, కుప్పగా పోసి ఊరికే ఇచ్చే మట్టి వేరు. కాంట్రాక్టరును ల్యాబ్ రిపోర్టు అడగండి, అదీ మీకు ఇచ్చే కుప్పదే కావాలి. "అందరూ తోలుకుంటున్నారు" అంటే అది రిపోర్టు కాదు.

చెత్త గుట్ట తొలగడం మీ ఊరికి మేలే, దాన్ని అడ్డుకోమని నేను చెప్పను. అయితే తవ్వేటప్పుడు గుట్ట తెరుచుకుంటుంది, వాన నీరు లోపలికి దిగి నల్లటి ఊటగా బయటికొస్తుంది. హైదరాబాద్ జవహర్‌నగర్ యార్డు దిగువన మల్కారం చెరువును పాడుచేసింది ఇలాంటి ఊటే. వానాకాలంలో తవ్విన చోట టార్పాలిన్ కప్పాలని, ఊట నీటిని అడుగున షీటు పరిచిన గుంటలోకి మళ్లించాలని పంచాయతీ ద్వారా రాతపూర్వకంగా అడగండి. స్పందన లేకపోతే కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు చేయండి.

నీటి పరీక్ష ఈ వారమే చేయించండి. మోటారు పది నిమిషాలు నడిచాక, అదే నీటితో మూడుసార్లు కడిగిన లీటరు ప్లాస్టిక్ సీసాలో నిండుగా పట్టి, అదే రోజు ల్యాబ్‌కు ఇవ్వండి. లోహాల పరీక్షకు వేరే సీసా కావాలి, అందులో యాసిడ్ వేసి ల్యాబ్ వాళ్లే ఇస్తారు. యార్డుకు ఎగువన ఉన్న బోరు నీళ్లు కూడా పట్టండి. ఎగువన బాగుండి మీ దాంట్లో మాత్రమే క్లోరైడు, ఈసీ పెరిగితే యార్డు మీద అనుమానం బలపడుతుంది. సాగుకు ఈసీ 0.75 లోపుంటే ఏ పంటకైనా ఫర్వాలేదు, 3 దాటితే కూరగాయలకు కష్టం. రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఆ నీళ్లు తాగకండి. లీటరుకు నైట్రేటు 45 మి.గ్రా. దాటిన నీళ్లు పసిపిల్లలకు మరీ ప్రమాదం, కాచినా నైట్రేటు పోదు.

గేదెలను రేపటి నుంచే అటు పోనివ్వకండి. కవర్లు తింటే పెద్దపొట్టలో ఉండ కట్టుకుంటాయి, నెమరు తగ్గుతుంది, మాటిమాటికీ కడుపు ఉబ్బుతుంది. ముదిరితే ఆపరేషన్ చేసి తీయాల్సిందే. బ్యాటరీ పలకలు నాకడం ఇంకా ప్రమాదం. చూపు తగ్గి, పళ్లు కొరుకుతూ, గోడకు తల ఆనించి నిలబడితే సీసం విషమని అనుమానించి వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి. డాక్టరు చెప్పేదాకా ఆ గేదె పాలు ఇంట్లో వాడకండి, కేంద్రానికీ పోయకండి.