డబ్బా దాపట, కోసు కుడి

రేవు కబుర్లు: పాఠకుల ప్రశ్నలకు ఓ పాత సరంగు జవాబులు

ప్రశ్న: సరంగు గారూ, మాది గుంటూరు, బ్రాడీపేట. లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి అట్లాంటాలో ఉంటాడు. పోయినేడు మమ్మల్ని లేక్ లానియర్‌కి తీసుకెళ్ళి అద్దె పడవ ఎక్కించాడు. నీళ్ళ మధ్య ఎర్రవీ ఆకుపచ్చవీ గుర్తులు, వాటి మీద అంకెలు, కొన్నిచోట్ల తెల్లటి పీపాల మీద నారింజ రంగు బొమ్మలు. మావాడికి సగం తెలుసు, సగం తెలీదు. ఒక పాయలోకి వెళ్ళి తిరిగొచ్చేటప్పుడు దారి తప్పి గంటన్నర తిరిగాం. ఈ వేసవికి మళ్ళీ వెళ్తున్నాం. పడవ పేరెత్తితేనే మా ఆవిడకి టెన్షన్. పైగా నాకు ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలీదు, పుట్టుకతోనే అంతే. ఆ గుర్తులు చదవడం ఎలా?

జవాబు: మాస్టారూ, ముందు నా పరువు నేనే తీసుకుంటాను. కుర్రతనంలో కాకినాడ రేవులో బార్జీల మీద పనిచేశాను. సముద్రం నుంచి రేవులోకి వస్తుంటే ఎర్ర బోయా (నీళ్ళ మీద తేలే దారి గుర్తు) ఎడమచేతి పక్కన, ఆకుపచ్చది కుడిచేతి పక్కన ఉండాలని అక్కడే నేర్చుకున్నాను. ఆ తర్వాత విజయపురి సౌత్ నుంచి నాగార్జునకొండకి లాంచీ నడిపాను. నాలుగేళ్ళ కిందట అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు మీరు చెప్పిన లానియర్‌లోనే అల్లుడు స్టీరింగు పట్టుకున్నాడు. నేను పక్కన నిలబడి ‘ఎర్రదాన్ని ఎడమకి వదిలెయ్ బాబూ’ అన్నాను. మామగారి మాట కదా, పాపం ఎదురు చెప్పలేదు. రెండు నిమిషాలు కాకముందే అడుగున గర్రుమంది. ఇంజను పైకి లేపి చూస్తే ఫ్యాను రెక్కల నిండా కారప్పొడి కలిపి పిసికినట్టు ఎర్రమట్టి, ఒక రెక్క అంచు వంకర. అద్దెవాళ్ళు డిపాజిట్‌లో ఎంత కోశారో అల్లుడు ఇప్పటికీ చెప్పడు.

అలవాటే నన్ను ముంచింది. లోకంలో బోయాల పద్ధతులు రెండున్నాయి. 1980లో దేశాలన్నీ కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాయి గానీ రంగుల దగ్గర మాత్రం రెండు జట్లుగా మిగిలాయి. మన దేశం, యూరప్, ఆఫ్రికా, ఆస్ట్రేలియా ఒక జట్టు. అమెరికా ఖండాలు, జపాన్, దక్షిణ కొరియా, ఫిలిప్పీన్స్ రెండో జట్టు. లోపలికి వెళ్ళేటప్పుడు మనకి ఎరుపు ఎడమైతే వాళ్ళకి ఎరుపు కుడి. చెరువుల్లో, రిజర్వాయర్లలో ‘లోపలికి’ అంటే ఎగువకి. డ్యాము వైపు నుంచి పైకి, పెద్ద పాయలోంచి చిన్న పాయలోకి.

రంగు తెలీదన్నారు కదా, మీకు అంతకన్నా నమ్మకమైన ఆనవాలు ఉంది. రెండు జట్లూ రంగు దగ్గర కొట్టుకున్నాయి గానీ ఆకారం దగ్గర కొట్టుకోలేదు. ఎగువకి పోతుంటే కుడిపక్క ఉండాల్సిన బోయా పైన కోసుగా ఉంటుంది. ఎడమపక్కది డబ్బాలా, నెత్తి చదునుగా ఉంటుంది. రంగు ఏదైనా సరే. ఎద్దుల్ని కట్టినవాళ్ళకి దాపట అంటే ఎడమ అని తెలుసు, అందుకని నేను ‘డబ్బా దాపట, కోసు కుడి’ అని మనవడికి నేర్పాను. బోయా బదులు గుంజకి పలక కొట్టి ఉంటే నాలుగు మూలల పలక ఎడమకి, మూడు మూలలది కుడికి. నాకు ఆ రోజు ఈ సంగతి గుర్తు రాలేదు. వస్తే డిపాజిట్ మిగిలేది.

ఇక అంకెలు. ఇది మీ సబ్జెక్టే. అమెరికాలో ఎర్ర గుర్తులకి సరిసంఖ్యలు, ఆకుపచ్చవాటికి బేసిసంఖ్యలు. ఎగువకి పోయేకొద్దీ అంకె పెరుగుతుంది. 4 దాటి 6 వచ్చిందంటే మీరు పైకి పోతున్నట్టు. 6 తర్వాత 4 వచ్చిందా, దిగువకి తిరిగారు, ఇక కుడి ఎడమలు తారుమారు. మీరు గంటన్నర తిరిగింది ఇక్కడే అయ్యుంటుందని నా అనుమానం. వెళ్ళేటప్పుడు కుడికి వదిలినదాన్ని వచ్చేటప్పుడూ కుడికే వదిలితే పడవ మెరక మీదకే పోతుంది. ఎరుపు, ఆకుపచ్చ పట్టీలు రెండూ ఒకే బోయా మీద కనబడితే అక్కడ దారి రెండుగా చీలుతోందని. పై పట్టీ ఏ రంగైతే దాన్ని ఆ రంగు బోయా అనుకుని పోతే పెద్ద దారి దొరుకుతుంది. రంగు అడగాల్సింది ఇక్కడొక్కచోటే, అబ్బాయిని అడగండి.

తెల్ల పీపాల మీద బొమ్మల్లో నారింజ రంగు డైమండ్ ఉంటే ప్రమాదం, కింద రాయో మెరకో ఉంది. డైమండ్‌లో అడ్డంగా నిలువుగా గీతలుంటే పడవలు రాకూడదు. గుండ్రం ఉంటే ఏదో ఆంక్ష, ఎక్కువగా అల లేవకుండా మెల్లగా పొమ్మని. చతురస్రం అయితే ఊరికే సమాచారం. తెలుపు మీద నల్లటి నిలువు చారలున్న బోయా ఒకటుంటుంది, దానికీ దగ్గర్లోని ఒడ్డుకీ మధ్యనుంచి మాత్రం దూరకండి. ఆ మధ్యలోనే ఏదో అడ్డం ఉందని అర్థం.

మేం లాంచీల మీద నేర్చుకున్నది ఒకటి చెప్పి వదిలేస్తాను. కొత్త పాయలోకి పోతున్నప్పుడు పది నిమిషాలకోసారి వెనక్కి తిరిగి చూడాలి. వెళ్ళేటప్పుడు కనబడే ఒడ్డు వేరు, వచ్చేటప్పుడు కనబడేది వేరు. సాగర్‌లో అయితే కొండ కొనా, ఒడ్డున ఒంటి చెట్టూ ఒకదాని వెనక ఒకటి పడ్డాయా లేదా చూసుకునేవాణ్ణి. రెండూ ఒకే గీతలో ఉన్నంతసేపు దారిలో ఉన్నట్టే. అక్కడ మీ ఆవిడగారిని వెనక సీట్లో కూర్చోబెట్టి ఈ పని అప్పజెప్పండి. చేతిలో పని ఉంటే టెన్షన్ తగ్గుతుంది, మా ఆవిడ దగ్గర చూశాను. మనవలుంటే గుర్తుంచుకోండి, జార్జియాలో పదమూడేళ్ళలోపు పిల్లలు నడుస్తున్న పడవలో లైఫ్ జాకెట్ తొడుక్కునే ఉండాలి, చట్టం.

ప్రశ్న: మేం విజయవాడ పటమట కుర్రాళ్ళం. పున్నమి ఘాట్ నుంచి భవానీ ద్వీపం వైపు కయాక్ మీద వెళ్ళాలని ఉంది. కృష్ణలో మనకి అలాంటి బోయాలేం కనబడవు కదా, లోతెక్కడో మెరకెక్కడో ఎలా తెలుస్తుంది?

జవాబు: కృష్ణలో ముక్త్యాల నుంచి విజయవాడ దాకా 82 కిలోమీటర్లు జాతీయ జలమార్గం 4లో భాగం. 2008లోనే ప్రకటించారు. అలాగని బోయాల కోసం వెతుకుతూ కూర్చోకండి, నీటి ముఖం చూడండి. గాలి ఒకేలా ఉన్నా ఒకచోట నీళ్ళు నున్నగా, పక్కనే ముడతలు పడి ఉంటే ఆ ముడతల కింద మెరక ఉండొచ్చు. నది వంపు తిరిగిన చోట బయటి ఒడ్డున లోతు, లోపలి ఒడ్డున ఇసుక మేట. లంకకి దిగువ తోక ఎప్పుడూ పల్చనే. నీళ్ళలో వెదురు గడ పాతి ఉంటే అది దారి గుర్తని అనుకోకండి, వల కట్టిందైనా కావచ్చు. దగ్గర్లో చేపలు పట్టేవాళ్ళుంటే ‘అన్నా, ఇటు లోతెంత?’ అని ఒక్క మాట అడగండి. గడ ముంచి మరీ చూపిస్తారు.

ఒకే ఒక్క దిక్కు మాత్రం వద్దు, బ్యారేజీ దిక్కు. 70 గేట్లున్నాయి. మీరు బయల్దేరినప్పుడు మూసి ఉన్న గేటు తిరిగొచ్చేసరికి తెరిచి ఉండొచ్చు. పై నుంచి చూస్తే నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు కదలకుండా కనబడతాయి, లాగడం మాత్రం కిందే మొదలవుతుంది. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు పెద్ద పెద్ద పడవలే కొట్టుకొచ్చి గేట్లకి గుద్దుకున్నాయి. మీ ప్లాస్టిక్ కయాక్ ఎంత? 2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడి ఇరవైమందికి పైగా పోయారు, ఆ రోజు వరద కూడా లేదు. లైఫ్ జాకెట్ నడుముకి కట్టుకుంటే సరిపోదు, బకిల్సన్నీ పెట్టుకోండి. ముందు ఘాట్‌లో బోటింగ్ వాళ్ళ దగ్గర అనుమతి సంగతి కనుక్కోండి.

ప్రశ్న: ఫోన్‌లో లోతులు చూపించే మ్యాప్ ఉంటే ఇవన్నీ ఎందుకండీ? (తెనాలి నుంచి)

జవాబు: మ్యాప్ మంచిదే, మా అల్లుడూ వాడతాడు. కానీ అందులో లోతు ఏ నీటిమట్టానికి వేశారో చూశారా? లానియర్ నిండు మట్టం సముద్రమట్టానికి 1,071 అడుగులు. మ్యాప్ ఆ మట్టానికి ‘ఆరడుగులు’ అని చూపించిందనుకోండి. ఎండలకి చెరువు 1,066కి దిగితే మీ కింద మిగిలింది ఒక్క అడుగు. ఫోనేమో ఇంకా ఆరే అంటుంది. సాగర్‌లో 590 అడుగులు నిండినప్పుడు నేను కళ్ళు మూసుకుని పోయిన దారిలో, మట్టం 520కి పడ్డాక రాళ్ళు బయటికి తేలి ఎండలో ఆరుతుండేవి. అందుకే పొద్దున ఆ రోజు మట్టం ఎంతో చూసుకుని, ఆ తేడా తీసేసి మ్యాప్ చదవండి. ఫోను నీళ్ళు చొరని కవరులో పెట్టి మెడకి తగిలించుకోండి. మా అల్లుడు ఫోటో తీయబోయి జారవిడిచింది ఇంకా లానియర్ అడుగునే ఉంది.