డ్యూటీలో కూడా బావేనా?

‘నాకు 23 ఏళ్లు. ఐటీఐ ఫిట్టర్‌ని. ఒక పెద్ద కర్మాగారంలో మెయింటెనెన్స్‌లో కాంట్రాక్టు మీద చేరి మూడో నెల. ఉద్యోగం ఇప్పించింది మా బావ. అదే సెక్షన్‌లో ఫోర్‌మన్. వాళ్ల క్వార్టర్‌లోనే ఉంటున్నాను. మొన్న బొగ్గు కన్వేయర్ రోలర్ మార్చేటప్పుడు కరెంటు తీశారా, పని మొదలెట్టొచ్చని రాసిచ్చే పర్మిట్ ఏదీ అని అడిగితే, “బెల్టు ఆపే తాడు, పుల్‌కార్డ్ లాగాం కదరా బామ్మర్దీ, ఆడపిల్లలా ఆ భయమేంట్రా” అని అందరి ముందూ నవ్వాడు. రాత్రి భోజనాల దగ్గర అక్కకీ చెప్పి నవ్వించాడు. బావ మాట జవదాటొద్దని అమ్మ ఫోన్లో రోజూ చెబుతుంది. నైట్ షిఫ్ట్ ఒంటికి పడటం లేదు. మానేసి గ్రూప్స్ కోచింగ్‌లో చేరమంటారా, గల్ఫ్ వెళ్లమంటారా?’
– పేరు వద్దన్న పాఠకుడు

బాబూ, గ్రూప్సా గల్ఫా అన్నది పక్కన పెట్టు. మూడు నెలలకే ఆ రెండూ తోచాయంటే నీకు కావలసింది ఇంకో ఉద్యోగం కాదు, మీ బావ కంటబడని చోటు. నైట్ షిఫ్ట్ కొత్తలో ఎవరి ఒంటికీ పడదు. పగలు కిటికీకి దుప్పటి కట్టి పడుకో. దాని గురించి ఇంతకు మించి చెప్పేదేం లేదు.

నన్ను కలవరపెట్టింది ఆ భోజనాల దగ్గరి నవ్వు. బావమరిదిని ఆటపట్టించే హక్కు బావకి ఎవరూ రాసివ్వక్కర్లేదు. పండక్కి వచ్చినప్పుడు ఎంతైనా అననీ, నవ్వేసి ఊరుకో. కన్వేయర్ బెల్టు పక్కన మాత్రం ఆ హక్కు చెల్లదు. అక్కడ ఆయన నీ ప్రాణానికి పూచీపడ్డ ఫోర్‌మన్. ఇంటి పరాచికాన్ని డ్యూటీకి తెచ్చాడు, డ్యూటీలో అడిగిన మాటని ఇంటికి మోసుకొచ్చాడు, రెండు చోట్లా నీ నోరు మూయించాడు. చెడ్డవాడని అనను. ఏళ్ల తరబడి ఏమీ కాకపోయేసరికి ఇక ఏమీ కాదన్న ధీమా వచ్చేసి ఉంటుంది. (ఆడపిల్లలా అన్న మాటకి ఆయనతో నాకు వేరే తగువుంది, అది మరోసారి.)

మావారు రిటైరయ్యేదాకా చేసింది మెయింటెనెన్సే. మా ఇంట్లో కూరకంటే ముందు షట్‌డౌన్ కబుర్లే వడ్డించుకునేవాళ్లం. అందుకే చెబుతున్నాను, నువ్వు అడిగింది పని తెలిసినవాడు అడిగే మాట. పుల్‌కార్డ్ ఉన్నది ఆపద వేళ బెల్టు ఆపడానికి. దాన్ని ఎవరో రీసెట్ చేసి, కంట్రోల్ రూములో ఉన్నవాడు స్టార్ట్ నొక్కితే? లోపల చెయ్యి పెట్టినవాడు అతనికి కనబడడు. ఎలక్ట్రికల్ వాళ్లు సరఫరా తీయాలి. నీ తాళం నువ్వు వేసుకోవాలి, నీ పేరున్న ట్యాగ్ కట్టాలి. ఒకసారి స్టార్ట్ నొక్కించి, కదలడం లేదని చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. ఆ తాళంచెవి ఉండాల్సింది బావ జేబులో కాదు, నీ జేబులో.

1988 జులై 6న స్కాట్లండ్ పక్క సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు కేంద్రం తగలబడి 167 మంది పోయారు. పగటి షిఫ్ట్ వాళ్లు ఒక పంపు తాలూకు సేఫ్టీ వాల్వు విప్పారు, పని పూర్తికాకుండానే డ్యూటీ దిగారు. ఆ కబురు రాత్రి షిఫ్ట్‌కి చేరలేదు. రెండో పంపు ఆగిపోతే, వాల్వు విప్పిన ఈ పంపునే నడిపారు. వాల్వు లేని చోటునుంచి గ్యాస్ బయటికొచ్చి అంటుకుంది. వాళ్లంతా నీ బావలాగే అనుభవజ్ఞులు. పర్మిట్ కాగితం చేరాల్సిన చేతికి చేరలేదు, అంతే.

మన దగ్గర భోపాల్ అయ్యాక, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. ప్రమాదకర ప్రక్రియలున్న చోట ఆపద ముంచుకొస్తోందనిపిస్తే పైవాళ్ల దృష్టికి తెచ్చే హక్కు కార్మికుడికి ఉందని అందులో రాశారు. కాంట్రాక్టువాడికీ బావమరిదికీ మినహాయింపు పెట్టలేదు.

అక్క కాపురం ఏమవుతుందో అని మీ అమ్మ భయం. నీ వేళ్లు పణంగా పెడితేనే నిలిచే కాపురమైతే, ఆ కాపురం సంగతి మీ పెద్దవాళ్లు కూర్చుని చూసుకోవాలి. ఉద్యోగం ఇప్పించినందుకు కృతజ్ఞత ఉండాల్సిందే. పనిమంతుడివై ఆయన పేరు నిలబెట్టు, ఆ రుణం తీరుతుంది.

ముందు ఆ క్వార్టర్‌లోంచి బయటికి రా. ఆయన కంచంలో తింటూ ఆయన మాట కాదనడం మన పెంపకంలో కుదరదు. తోటి కుర్రాళ్లతో గది తీసుకో. తర్వాత బావని ఒంటరిగా కలిసి చెప్పు: ‘బావా, ఇంట్లో నువ్వేమన్నా పడతాను. డ్యూటీలో మాత్రం పర్మిట్ అడుగుతాను, కోప్పడకు.’ అప్పుడూ నవ్వి తోసేస్తే సేఫ్టీ ఆఫీసర్ దగ్గరికి వెళ్లు, మొహమాటపడకు. ఆదివారాలు పిల్లలకి ఏదైనా పట్టుకుని అక్కావాళ్లింటికి వెళ్లొస్తూ ఉండు. గది మారుతున్న సంగతి అక్కకి నువ్వే చెప్పు, అమ్మ చేత ఫోన్ చేయించకు.