డైవ్ కంప్యూటర్ ఉన్నాక లాగ్‌బుక్ ఎందుకు?

ప్రశ్న: మాది విశాఖ, ఉద్యోగం హైదరాబాద్‌లో. అండమాన్‌లోని హ్యావ్‌లాక్‌లో స్కూబా డైవింగ్ మొదటి కోర్సు ఓపెన్ వాటర్ చేశాను, తర్వాత రుషికొండలోనూ కర్ణాటక తీరంలోని నేత్రాణి దీవి దగ్గరా కొన్ని డైవ్‌లు చేశాను. ఈమధ్యే డైవ్ కంప్యూటర్ (నీళ్లలో చేతికి కట్టుకునే వాచీలాంటి పరికరం) కొన్నాను. లోతు, టైమ్ అన్నీ అదే రికార్డ్ చేస్తోంది కదా, ఇంకా ప్రతి డైవ్ వివరాలతో లాగ్‌బుక్ రాయాలా? రాయాలంటే ఏ యాప్ మంచిది?

జవాబు: రాయండి. పుస్తకమే ఉండాలని లేదు, ఫోన్‌లో రాసుకున్నా చాలు. కానీ కంప్యూటర్‌లో ఉన్నదే లాగ్ అనుకుని వదిలేయకండి. ఎంత లోతుకు వెళ్లారు, ఎంతసేపు ఉన్నారు, నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయి, ఎంత వేగంగా పైకి వచ్చారు, ఇవన్నీ దానికి తెలుసు. మునగడానికి నడుముకి ఎన్ని కిలోల సీసం కట్టుకున్నారో, వేసుకున్న వెట్‌సూట్ 3 మిల్లీమీటర్లదో 5 మిల్లీమీటర్లదో, సిలిండర్ అల్యూమినియందో స్టీలుదో దానికి తెలియదు. ఏడాది తర్వాత ఇంకో ఊళ్లో పడవ మీద డైవ్ మాస్టర్ “ఎన్ని కిలోలు పెట్టమంటారు?” అని అడిగినప్పుడు మీకు కావాల్సింది సరిగ్గా ఆ వివరమే.

అందుకే నేను చూడాలనుకునే ఎంట్రీ ఇలా ఉంటుంది: “నేత్రాణి. గరిష్ఠంగా 16 మీటర్లు, సగటు 12. 45 నిమిషాలు. 5 మి.మీ. సూట్, అల్యూమినియం సిలిండర్, 6 కిలోలు. సిలిండర్‌లో గాలి ప్రెజర్ 200 బార్ ఉండగా దిగి 60తో వచ్చాను. సేఫ్టీ స్టాప్ దగ్గర పైకి తేలిపోతున్నాను, వచ్చేసారి ఇంకో కిలో వేసి చూడాలి.” రాయడానికి రెండు నిమిషాలు పట్టదు. ఆ చివరి వాక్యం మాత్రం ఏ యంత్రమూ మీకోసం రాసిపెట్టదు. డైవ్ మొదట్లో బరువు సరిపోయినట్టే ఉంటుంది, గాలి అయిపోతున్న కొద్దీ సిలిండర్ దాదాపు 2 కిలోలు తేలికవుతుంది కాబట్టి అసలు తేడా చివర్లో, సేఫ్టీ స్టాప్ కోసం, అంటే ఒంట్లో చేరిన నైట్రోజన్ కొంత బయటికి పోయేలా 5 మీటర్ల దగ్గర కాసేపు ఆగాల్సిన చోట బయటపడుతుంది. అక్కడ ఆగలేక పైకి లేచిపోవడం చిన్న విషయం కాదు.

పై అంకెలతోనే మీ గాలి వాడకం కూడా లెక్కేసుకోవచ్చు, బండి మైలేజ్ చూసుకున్నట్టే. మామూలు అల్యూమినియం సిలిండర్ సుమారు 11 లీటర్లు పడుతుంది. ఖర్చయింది 140 బార్, దాన్ని 11తో గుణిస్తే 1540 లీటర్ల గాలి. 45 నిమిషాలకి పంచితే నిమిషానికి 34. సగటున 12 మీటర్ల లోతులో ఒత్తిడి 2.2 బార్ కాబట్టి దాంతో భాగిస్తే ఒడ్డున పీల్చే లెక్కలో నిమిషానికి సుమారు 15.5 లీటర్లు వస్తుంది. ఇలా పది డైవ్‌లు పక్కపక్కన పెట్టి చూస్తే టెన్షన్ ఉన్నరోజు ఎంత ఎక్కువ పీలుస్తున్నారో మీకే కనబడుతుంది. దీనికి దిగేటప్పుడు, వచ్చేటప్పుడు గేజ్‌లో ప్రెజర్ ఎంతుందో రాసి ఉండాలి. సిలిండర్ ప్రెజర్ చదివే ఏర్పాటు లేని కంప్యూటర్‌కి అది తెలిసే దారి లేదు.

ఇంకో సంగతి, ముందు ముందు కోర్సులు చేస్తారేమో చెప్పలేం. డైవింగ్ శిక్షణ సంస్థ పాడీ వాళ్ల డైవ్‌మాస్టర్ కోర్సు మొదలుపెట్టాలంటే 40 డైవ్‌లు, పూర్తిచేయాలంటే 60 డైవ్‌లు లాగ్‌లో ఉండాలి. అప్పుడు పాత డైవ్‌లన్నీ గుర్తు తెచ్చుకుని రాయడం నరకం. వీలైనప్పుడల్లా జతగా దిగిన బడ్డీతోనో ఇన్‌స్ట్రక్టర్‌తోనో సంతకం పెట్టించుకోండి.

ఇక యాప్. మీ కంప్యూటర్ కంపెనీ యాప్ వాడుకోవచ్చు, అవి బాగానే ఉంటాయి, కానీ రేపు ఇంకో బ్రాండ్‌కి మారితే పాత డైవ్‌లు ఒకచోట, కొత్తవి ఒకచోట పడి ఉంటాయి. నా ఓటు సబ్‌సర్ఫేస్‌కి. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2011లో మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఇది. ఉచితం, విండోస్, మ్యాక్, లైనక్స్, ఆండ్రాయిడ్, ఐఫోన్ అన్నిటిలో ఉంది, చాలా బ్రాండ్ల కంప్యూటర్ల నుంచి నేరుగా డేటా తీసుకుంటుంది. చూడ్డానికి అంత అందంగా ఉండదు, అయినా సరే. ఏ యాప్ వాడినా ట్రిప్ నుంచి రాగానే యూడీడీఎఫ్ (డైవ్ లాగ్‌ల కోసమే ఉన్న ఫార్మాట్) లేదా సీఎస్‌వీ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి ఇంకోచోట దాచుకోండి. కంప్యూటర్ మెమరీని నమ్ముకోవద్దు, నిండగానే చాలా మోడళ్లు పాత డైవ్‌ల మీదే కొత్తవి రాసేస్తాయి. మాల్దీవులకో థాయ్‌లాండ్‌కో వెళ్తే దాని గడియారం కూడా ఒకసారి చూసుకోండి, మాల్దీవులు మనకంటే అరగంట వెనక, థాయ్‌లాండ్ గంటన్నర ముందు.

ప్రశ్న: నాకు సొంత కంప్యూటర్ లేదు, ఎక్కడికెళ్తే అక్కడ అద్దెకి తీసుకుంటాను. నా సంగతేంటి?

జవాబు: మీరే ఎక్కువ జాగ్రత్తగా రాసుకోవాలి. తిరిగి ఇచ్చేముందు పడవ మీదే లాగ్ స్క్రీన్ తెరిచి ప్రతి డైవ్‌కీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఒకే రోజు రెండు డైవ్‌లు చేస్తే మధ్యలో కంప్యూటర్ మార్చొద్దు, ఎవరేం చెప్పినా సరే. మొదటి డైవ్‌లో మీ ఒంట్లో చేరిన నైట్రోజన్ లెక్క ఆ పరికరంలోనే ఉంటుంది. కొత్తదానికి మీరు అసలు నీళ్లలో దిగనట్టే లెక్క, దాంతో అది మీరు కింద ఉండగలిగే టైమ్‌ని ఉండాల్సిన దానికంటే ఎక్కువ చూపిస్తుంది. చివరి డైవ్ నుంచి పైకి వచ్చిన టైమ్ కూడా తప్పకుండా రాయండి. ఒంట్లో మిగిలిన నైట్రోజన్ బయటికి పోవాలి కాబట్టి, వరసగా డైవ్‌లు చేసినవాళ్లు విమానం ఎక్కేముందు కనీసం 18 గంటలు ఆగాలన్నది డైవర్ల భద్రత చూసే సంస్థ డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సలహా. ఒకే ఒక్క మామూలు డైవ్ అయితే 12. మర్నాడు పొద్దున్నే శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్)లో ఫ్లైట్ ఉంటే ముందురోజు మధ్యాహ్నం డైవ్ మానుకోవాల్సిందే.

ప్రశ్న: యాపిల్ వాచ్ అల్ట్రా ఉంది, అది సరిపోతుందా?

జవాబు: అందులో వచ్చే డెప్త్ యాప్ 40 మీటర్ల వరకు లోతు, టైమ్, నీటి ఉష్ణోగ్రత చూపిస్తుంది, డీకంప్రెషన్ లెక్క, అంటే ఒంట్లో చేరిన నైట్రోజన్‌ని బట్టి ఎంతసేపు ఉండొచ్చో, చూడదు. అది కావాలంటే ఓషియానిక్ ప్లస్ యాప్ వేసుకుని సబ్‌స్క్రిప్షన్ కట్టాలి. ఏడాదికి ఒక ట్రిప్ వెళ్లేవాళ్లకి నేనైతే ఆ వాచ్, ఓషియానిక్ ప్లస్ కలిపి ఉంటే చాలంటాను. సీసం కిలోలు, సూట్ మందం మాత్రం అక్కడా మీరే టైప్ చేయాలి.