డ్యూక్ 390 బైక్‌తో డ్రాగ్ రేసింగ్ మొదలుపెట్టాలంటే ముందు ఏం మార్పించాలి? ఎగ్జాస్టా, ఈసీయూనా?

ఎగ్జాస్టూ వద్దు, ఇంజనును నడిపించే ఆ చిన్న కంప్యూటర్ (ఈసీయూ) జోలికీ పోవద్దు. ఆ డబ్బు అలాగే ఉంచండి.

మీరు రాసిన వివరాలన్నీ చదివాను. ఇరవై మూడేళ్ళు, హైదరాబాద్‌లో ఉద్యోగం, డ్యూక్ 390, ఇంట్లో ఇంకా చెప్పలేదు. మీ ప్రశ్న కింద ఇప్పటికే నలుగురు ఎగ్జాస్ట్ కంపెనీల పేర్లు రాసి పెట్టారు. వాళ్ళలో ఒక్కరైనా పరుగు అయ్యాక ఇచ్చే టైమ్ స్లిప్ చేత్తో పట్టుకుని ఉంటారని నాకు నమ్మకం లేదు.

నేను ఎమ్మెస్‌కి డాలస్ వెళ్ళి, అక్కడే ఉద్యోగం చేస్తూ కొన్నేళ్ళు ఈ పిచ్చిలో, అంటే రెండు బండ్లు పక్కపక్కన నిలబడి నేరు దారిలో పరుగెత్తే ఈ ఆటలో, పడ్డవాణ్ణి. ఇప్పుడు తిరిగొచ్చేసి మీ ఊళ్ళోనే ఉంటున్నా. డాలస్‌కి దక్షిణంగా ఎన్నిస్ అనే చిన్న ఊరుంది. అక్కడ బిల్లీ మేయర్ అనే రేసర్ 1986లో టెక్సస్ మోటార్‌ప్లెక్స్ అనే డ్రాగ్ స్ట్రిప్ కట్టించాడు. పావు మైలు, అంటే 402 మీటర్లు, పొడవునా కాంక్రీటే. పెద్ద రేసులు లేనప్పుడు 'టెస్ట్ అండ్ ట్యూన్' పెడతారు. గేటు దగ్గర డబ్బు కట్టి, రోజూ ఆఫీసుకి వెళ్ళే బండినే తీసుకెళ్ళి పరుగెత్తించుకోవచ్చు. స్పాన్సర్లు, సిఫార్సులు ఏమీ అక్కర్లేదు. హెల్మెట్, తోలు జాకెట్, గ్లవుజులు, చీలమండ కప్పే బూట్లు చూస్తారు. బండి కింద ఆయిల్ కారుతోందేమో వంగి చూస్తారు. ఏదైనా జరిగితే మా పూచీ లేదని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని లోపలికి పొమ్మంటారు.

ఓసారి మా గుంటూరు ఫ్రెండ్ ఒకడు నాతో వచ్చాడు. కొత్తగా సెకండ్ హ్యాండ్ హయబుసా కొన్నాడు, మహా పవర్ ఉన్న పెద్ద బైక్. మాంచి ఎగ్జాస్ట్ వేయించాడు, ఇంజను కంప్యూటర్ సెట్టింగులు మార్పించాడు (రీమ్యాప్), వీల్ రిమ్ములకి బంగారు రంగు కొట్టించాడు. లైన్లో నిలబెడితే చుట్టుపక్కల పిల్లలంతా ఫోటోలు తీసుకుంటున్నారు. పక్క లేన్‌లోకి ఎవరొచ్చారా అని చూస్తే, అరవై దాటిన ఒకావిడ. నెరిసిన జడ హెల్మెట్ కింద నుంచి వీపు మీదికి వేలాడుతోంది. బండి పాత సుజుకి ఎస్‌వీ 650, ట్యాంకు మీద రంగు ఎండకి వెలిసిపోయింది. మావాడు వైజర్ ఎత్తి, కంచె ఇవతల ఉన్న నాతో, "ఏంట్రా ఇది, మెల్లిగా పోనా? గెలిచినా పరువు తక్కువే!" అన్నాడు.

స్టార్ట్ లైన్‌కి ముందు కాస్త నీళ్ళు పోసి ఉంచుతారు. గాడుల్లేని స్లిక్ టైర్లున్న కార్లు అందులో చక్రాలు తిప్పి వేడి చేసుకోడానికి. ఆవిడ ఆ నీళ్ళ జోలికి పోకుండా పక్కనుంచి తిప్పుకుని వచ్చింది. మావాడు వీడియోల్లో చూశాడు కదా, సరిగ్గా మధ్యలోంచి తెచ్చి పొగ లేపాడు. జనం అరిచారు. కానీ రోడ్డు టైరుకి గాడులుంటాయి. ఆ గాడుల్లో నీళ్ళు నిలిచి, లైన్ దగ్గరికి వచ్చాక సరిగ్గా పట్టు కావాల్సిన చోటే కారతాయి.

స్టార్ట్ లైన్ దగ్గర అడ్డంగా కాంతి కిరణాలుంటాయి, ముందు చక్రం వాటికి అడ్డొస్తే ఎదురుగా ఉన్న లైట్ల స్తంభం మీద బల్బులు వెలుగుతాయి. తర్వాత ఆవిడ బండిని అంగుళం అంగుళం జరిపి పై బల్బు వెలిగించింది, ఇంకో పిసరు జరిపి రెండోది వెలిగించింది. రెండు కాళ్ళూ నేల మీద, ఛాతీ ట్యాంకు మీద, క్లచ్ మీద రెండు వేళ్ళు. ఇంజను మోత పెరగదు, తగ్గదు. మావాడు బర్ర్ బర్ర్‌మని రేస్ ఇస్తూనే ఉన్నాడు. పసుపు లైట్లు మూడు అర సెకనుకొకటి చొప్పున దిగుతాయి, ఆ తర్వాత అర సెకనుకి పచ్చ. మూడో పసుపు వెలగ్గానే ఆవిడ కదిలిపోయింది. మావాడికి పచ్చ కనబడి, అది బుర్రకెక్కి, క్లచ్ వదిలేసరికి ఆవిడ చాలా దూరం పోయింది. కంగారులో క్లచ్ ఒక్కసారిగా వదిలాడు. వెనక చక్రం జారింది, పట్టు దొరకగానే ముందు చక్రం లేచింది, థ్రాటిల్ మూసేశాడు, మళ్ళీ తెరిచాడు. అప్పుడు చూడాలి హయబుసాని, చెవులు చిల్లులు పడేలా దూసుకెళ్ళింది. అయినా చివర్లో గెలుపు లైటు ఆవిడ లేన్‌లోనే వెలిగింది.

తిరిగొచ్చే దారిలో చిన్న గది కిటికీలోంచి టైమ్ స్లిప్ ఇస్తారు, మన కిరాణా బిల్లంత కాగితం. మావాడి స్లిప్‌లో రియాక్షన్, అంటే పచ్చ పడ్డాక కదలడానికి పట్టిన టైమ్, 1.02 సెకన్లు, మొదటి 60 అడుగులు 2.51, మొత్తం 11.98, చివర్లో వేగం గంటకి 131 మైళ్ళు. ఆవిడది రియాక్షన్ 0.09, 60 అడుగులు 1.93, మొత్తం 12.84, వేగం 104 మైళ్ళు. "నా టైమే తక్కువ కదరా, ఆవిడెలా గెలిచింది? మిషన్ పాడైనట్టుంది" అన్నాడు మావాడు. మిషన్ బానే ఉంది. పచ్చ లైటు పడ్డప్పుడు గడియారం మొదలవదు, మీ ముందు చక్రం స్టార్ట్ లైన్ కిరణం దాటినప్పుడు మొదలవుతుంది. పచ్చ చూస్తూ మీరు అక్కడే టీ తాగినా మీ టైమ్ చెడదు. రేసు మాత్రం పోతుంది. రియాక్షన్, టైమ్ రెండూ కూడండి. మావాడిది 13.00, ఆవిడది 12.93.

ఆవిడే మా దగ్గరికి వచ్చి బండి బాగుందని మెచ్చుకుంది. మావాడి స్లిప్ అడిగి తీసుకుని, 60 అడుగుల అంకె కింద గోటితో గీత గీసి, ముందు దీని సంగతి చూసుకో, కిందవన్నీ తర్వాత అని చెప్పి వెళ్ళిపోయింది. మావాడు ఎన్నిస్ నుంచి డాలస్ పక్కన ఉన్న ఇర్వింగ్ దాకా దారి పొడవునా ఇంకో కంపెనీ ఎగ్జాస్ట్ గురించి మాట్లాడాడు.

అందుకే చెప్తున్నా. 60 అడుగులంటే 18 మీటర్లు. అక్కడ సెకనులో పదో వంతు మిగిలితే, 402 మీటర్ల చివరికి అది దగ్గర దగ్గర రెట్టింపై తేలుతుంది. ఒకే సిలిండర్ ఉన్న 390కి ఏ ఎగ్జాస్ట్ వేసినా అంత మిగలదు. ఎగ్జాస్ట్ వల్ల మీకు కచ్చితంగా దక్కేది శబ్దం, ఆ పైన ట్రాఫిక్ ఎస్సైతో పరిచయం. పోలీసులు సైలెన్సర్లు వరసగా పేర్చి రోడ్డు రోలర్‌తో తొక్కిస్తున్న వీడియోలు మీరూ చూసే ఉంటారు. నేను తిరిగొచ్చిన కొత్తలో ఓ షాపు అతను నా బండి చూసి, "అన్నా, ఇది వేస్తే పది హార్స్‌పవర్ పెరుగుద్ది" అన్నాడు. ఇంజను పవర్ కొలిచే డైనో మిషన్ కాగితం చూపించమంటే నన్ను శత్రువును చూసినట్టు చూశాడు.

ఆ డబ్బుతో ముందు మంచి ఫుల్ ఫేస్ హెల్మెట్, తోలు సూట్ కొనండి. మిగిలితే కొత్త వెనక టైరు, కొత్త చైన్. ఇంకా మిగిలితే ఒక సెట్టు క్లచ్ ప్లేట్లు కొని ఇంట్లో పెట్టుకోండి, అవసరం పడుతుంది. కాలిన క్లచ్ వాసన ఒకసారి పీలిస్తే మర్చిపోలేరు.

ప్రాక్టీసుకి స్ట్రిప్ కూడా అక్కర్లేదు. హైదరాబాద్ చుట్టూ ప్లాట్లు వేసి, బీటీ రోడ్లు పోసి, గేటు పెట్టి వదిలేసిన వెంచర్లకి కొదవా? ఓనర్‌ని అడిగి, పట్టపగలు, లోపల ఎవరూ లేరని చూసుకుని, తోడుకి ఒకరిని పెట్టుకుని వెళ్ళండి. సుద్దతో ఒక గీత, 18 మీటర్ల దగ్గర ఇంకో గీత. అంతవరకే. రెండో గీత దాటగానే థ్రాటిల్ మూసేయాలి. ఫుల్ గేర్ వేసుకునే సుమా, 18 మీటర్లే కదా అని చెప్పులతో వెళ్ళొద్దు. ఐదు, ఆరు వేల ఆర్‌పీఎం మధ్య ఒక చోట థ్రాటిల్ నిలకడగా పట్టుకుని, క్లచ్‌ని టక్కున వదలకుండా, ఆ 18 మీటర్లలో చాలా భాగం జార్చుకుంటూ వదలండి. బరువంతా ముందుకి. ముందు చక్రం లేస్తుందనిపిస్తే థ్రాటిల్ మూయకండి, క్లచ్‌ని ఒక వెంట్రుక వాసి లోపలికి తీసుకోండి. ఆ తేడా చేతికి అలవాటవడానికి టైమ్ పడుతుంది. తోడొచ్చినవాడు ఫోన్‌లో స్లో మోషన్‌లో తీస్తే మీ చేతి తప్పులు మీకే కనబడతాయి. ప్రతిసారీ మధ్యలో ఇంజను చల్లారనివ్వండి, లేకపోతే క్లచ్ జారడం మొదలై మీరు నేర్చుకున్నదంతా గందరగోళమవుతుంది.

ఇక రాత్రిపూట ఖాళీ రోడ్డు మీద ఫ్రెండ్స్‌తో వేసుకుంటామంటారా, దాని గురించి నాతో మాట్లాడకండి. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) మీదకి టూవీలర్లే రాకూడదు. అయినా 2011లో క్రికెటర్ అజరుద్దీన్ గారి అబ్బాయి అక్కడే బైక్ ప్రమాదంలో దెబ్బలు తగిలి చనిపోయాడు, పందొమ్మిదేళ్ళ కుర్రాడు. రోడ్డు మీద పందేలు వేస్తే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మొదటిసారికి మూడు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. అది పక్కన పెట్టండి. నాకు భయం పుట్టించేది పరుగెత్తే దూరం కాదు, ఆగే దూరం. అమెరికాలో 2008లో స్కాట్ కలిట్టా అనే పెద్ద రేసర్ ఫినిష్ లైన్ దాటాక ఆపుకోలేక చనిపోయాడు. ఆ తర్వాత అక్కడి డ్రాగ్ రేసింగ్ సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ వాళ్ళు అన్నిటికన్నా వేగమైన క్లాసులు టాప్ ఫ్యూయల్, ఫన్నీ కార్లకి పావు మైలు తీసేసి వెయ్యి అడుగులకి కుదించారు. ఆగడానికి చోటు పెంచడం కోసమే. అన్నీ సిద్ధం చేసిన స్ట్రిప్ మీదే అలా ఉంటే, ఇసుక లారీ యూటర్న్ తిప్పుకునే చోట మనమెంత?

మన దేశంలో సరైన దారి ఎఫ్‌ఎంఎస్‌సీఐ. మోటార్ స్పోర్ట్ క్లబ్బుల జాతీయ సమాఖ్య అది. దాని దగ్గర పోటీ లైసెన్స్ తీసుకోవాలి. చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరు వైపు, ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో జాతీయ స్థాయి బైక్ డ్రాగ్ పోటీలు జరిగాయి. బెంగళూరు కుర్రాడు హేమంత్ ముద్దప్ప ఈ ఆటలో చాలాసార్లు జాతీయ ఛాంపియన్. అక్కడ సీసీని బట్టి క్లాసులుంటాయి కాబట్టి మీ డ్యూక్‌ని తీసుకెళ్ళి హయబుసా పక్కన నిలబెట్టరు. టూ స్ట్రోక్‌లకి విడిగా క్లాసులున్నాయి. 1996లో తయారీ ఆగిపోయిన ఆర్‌ఎక్స్ 100ని మా బాబాయి ఇప్పటికీ ఆదివారం ఆదివారం తుడుచుకుంటాడు, ఆయనకీ సంగతి చెప్తే నిద్రపోడు. లోనావాలా దగ్గర ఆంబీ వ్యాలీ ఎయిర్‌స్ట్రిప్ మీద వ్యాలీ రన్ అని డ్రాగ్ పోటీలు జరిగాయి, సొంత బండ్లతో మామూలు జనం కూడా వచ్చారు. మొదటిసారి వెళ్ళినప్పుడు పేరు ఇవ్వకపోయినా ఫర్వాలేదు. స్టార్ట్ లైన్ దగ్గర నిలబడి రేసర్ల ఎడమ చేతులు, అంటే క్లచ్ పట్టే చేతులు, చూడండి. హెల్మెట్ మీద స్టిక్కర్లు తర్వాత చూడొచ్చు.

మన ఊళ్ళో ఏముంది అంటారా? ఏమీ లేదు. నా కడుపుమంట అదే. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ, అంటే ఎలక్ట్రిక్ కార్ల రేసు, పెట్టారు. సెక్రటేరియట్ చుట్టూ రోడ్లు మూసి, గోడలు కట్టి, ప్రపంచమంతా చూసేలా 2.8 కిలోమీటర్ల ట్రాక్ తయారు చేశారు. మరుసటి ఏడాది రేసు రద్దయింది. అంత హంగామాలో పిసరంత ఖర్చుతో ఊరి బయట ఓ కిలోమీటరు నేరు రోడ్డు, రెండు పక్కలా కంచె, ఒక అంబులెన్స్, ఒక లైట్ల స్తంభం పెట్టి నెలకో ఆదివారం తెరిస్తే, నాలెడ్జ్ సిటీ రోడ్ల మీద అర్ధరాత్రి పోలీసులు కుర్రాళ్ళని తరిమే పని సగం తగ్గుతుంది. తగ్గుతుందని రాసిస్తా.

ఇంట్లో చెప్పడం గురించి అడిగారు. చెప్పండి. దాచి చేస్తే ఇన్సూరెన్స్ సంగతి, ఆస్పత్రి సంగతి అన్నీ తర్వాత వాళ్ళ నెత్తి మీదే పడతాయి. మామూలు బండి ఇన్సూరెన్స్ రేసింగ్‌లో జరిగిన నష్టానికి రాదని మీకూ తెలిసుండాలి, మీ నాన్నగారికీ తెలిసుండాలి. కుదిరితే చెన్నైకి ఆయన్ని కూడా తీసుకెళ్ళండి. తోలు సూట్లు, తనిఖీలు, అంబులెన్స్ చూస్తే ఆయన మనసులో ఉన్న బొమ్మ మారొచ్చు. మారకపోతే కనీసం తిరుగు ప్రయాణంలో నెల్లూరులో చేపల పులుసైనా తింటారు.

డ్యూక్ అమ్మేసి పెద్ద బండి కొనాలా అన్న మీ చివరి ప్రశ్నకి ఇప్పుడు జవాబు లేదు. మీ 60 అడుగుల టైమ్ రాసి అడగండి, అప్పుడు చెప్తా.