ఉద్యోగం మానేసి కీబోర్డుతోనే బతకవచ్చా?

గుంటూరులో ప్రైవేటు ఉద్యోగం చేస్తూ, సెలవు రోజుల్లో పెళ్లి ఆర్కెస్ట్రాలకు కీబోర్డు వాయిస్తున్నానని, ఉద్యోగం వదిలేసి పూర్తిగా ఇటు రావచ్చా అని అడిగారు. నేను విజయవాడలో కచేరీలకు వయొలిన్ పక్కవాద్యం వాయిస్తాను, పిల్లలకు నేర్పిస్తాను. మా ఇల్లు దీనిమీదే నడుస్తోంది. రావచ్చు గానీ స్టేజీ డబ్బును మాత్రమే నమ్ముకుని రావద్దు.

మన దగ్గర స్టేజీ పంచాంగాన్ని బట్టి నడుస్తుంది. మాఘ, ఫాల్గుణాల్లో ఒకే ముహూర్తానికి రెండు మూడు ఫోన్లు వస్తాయి. ఆషాఢంలో ఫోను మోగదు. మధ్యలో మూఢం పడితే కల్యాణ మండపాలన్నీ ఖాళీ. వినాయక చవితి, దసరా కొంత ఆదుకుంటాయి. ఇంటి అద్దెకు మూఢం ఉండదు కదా!

పెద్దవాళ్ల జీవితాలు చూసినా ఇదే కనిపిస్తుంది. బాలమురళీకృష్ణ గారంతటివారు ఆకాశవాణిలో పనిచేశారు, విజయవాడ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. 2021లో పద్మశ్రీ అందుకున్న వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామి గారు దశాబ్దాల పాటు విజయవాడ ఆకాశవాణి కళాకారులు. మనం వాళ్ల ప్రతిభ గురించే మాట్లాడుకుంటాం, వెనక ఉన్న నెల జీతం గురించి ఎవరూ మాట్లాడరు. ఇప్పుడు అలాంటి కొలువులు అరుదు కాబట్టి ఆ జీతాన్ని మనమే కూర్చుకోవాలి.

నాకు అది పాఠాల వల్ల వస్తోంది. సాయంత్రం ఇంటి దగ్గర పిల్లలు, తెల్లవారుజామున ఆన్‌లైన్‌లో అమెరికా పిల్లలు. మనకు ఉదయం ఆరంటే వేసవిలో డాలస్‌లో ముందురోజు రాత్రి ఏడున్నర. నవంబరులో వాళ్లు గడియారం వెనక్కి తిప్పగానే అదే క్లాసు మనకు ఏడింటికి జరుగుతుంది, అప్పుడు పక్క క్లాసులన్నీ సర్దుకోవాలి. ఫీజు నెల మొదట్లోనే తీసుకోండి. మొహమాటపడితే ఆ మొహమాటమే మిగులుతుంది. స్కూల్లో మ్యూజిక్ టీచరుగా చేరాలనుకుంటే మాత్రం సర్టిఫికెట్టో డిప్లొమానో అడుగుతారు, ఆ చదువుకు ఇక్కడి ఘంటసాల ప్రభుత్వ కళాశాల ఉంది.

మీ వాద్యానికి ఇంకో చిక్కుంది. ఇప్పుడు చాలామంది గాయకులు ల్యాప్‌టాప్‌లో మైనస్ ట్రాకులు (గొంతు లేకుండా వాద్యాలు మాత్రమే ఉన్న రికార్డింగులు) పెట్టుకుని వచ్చేస్తున్నారు. అయినా కీబోర్డు మనిషిని ఎందుకు పిలుస్తారు? పెళ్లికూతురి మేనమామ మైకు లాక్కుని తన శ్రుతిలో తాను ఎత్తుకుంటాడు, చరణంలో నాలుగు బీట్లు మింగేస్తాడు. ట్రాకు ఆయన కోసం ఆగదు, మీరు ఆగగలరు. శ్రుతిని దానంతటదే మార్చేసే ట్రాన్స్‌పోజ్ బటన్ జోలికి పోకుండా అన్ని శ్రుతుల్లో చేతులు ఆడేలా సాధన చేయండి. పాడేవాడికి ధైర్యం ఇచ్చే వాద్యగాడిని గాయకులే మళ్లీ మళ్లీ పిలిపించుకుంటారు. నాకు వచ్చే కచేరీల్లో ఎక్కువ భాగం పాడేవాళ్లు చెప్పినవే, నిర్వాహకులు వెతుక్కుని పిలిచినవి తక్కువ.

భక్తి పాటలకు, ప్రైవేటు ఆల్బమ్‌లకు బాణీలు కూడా కడుతుంటే, నోటిమాట మీద ఇచ్చేయకండి. 2012లో కాపీరైట్ చట్టం మారింది. సినిమాతో కలిపి హాల్లో వినిపించడం తప్ప, మిగతా వాడకాలకు వచ్చే రాయల్టీలో స్వరకర్త, రచయిత వాటాను నిర్మాత మొత్తంగా రాయించుకోవడం కుదరదు. స్వరకర్తలకు, రచయితలకు రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థ ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకుని పాటలు నమోదు చేయండి. పెద్ద మొత్తాలు వస్తాయని మాత్రం ఆశపడకండి.

ఉద్యోగం ఎప్పుడు మానాలి అంటే, పాఠాల డబ్బుతోనే ఒక ఆషాఢం అప్పు లేకుండా గడిచాక. ఈలోగా ఊరు దాటి ప్రోగ్రాం ఒప్పుకుంటే అడ్వాన్సుతో పాటు తిరుగు ప్రయాణం బండి సంగతి కూడా ముందే తేల్చుకోండి. రిసెప్షన్ అయ్యాక అర్ధరాత్రి పూట ఫోన్ ఎత్తేవాళ్లు ఉండరు.