రౌటర్ మార్చాక స్మార్ట్ లైట్ల కంట్రోలర్ ఆఫ్‌లైన్‌లోనే ఉంటోంది, మామూలు రీసెట్ చేసినా కలవడం లేదు, ఎందుకు?

రీసెట్ చేసినా కలవడం లేదన్నారు కాబట్టి ముందు అనుమానించాల్సింది రౌటర్ సెట్టింగులనే. పరికరం పాడై ఉండే అవకాశం తక్కువ.

ఇలాంటి కంట్రోలర్లలో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ (వైఫై సిగ్నల్ నడిచే ఫ్రీక్వెన్సీ) వైఫైని మాత్రమే పట్టుకుంటాయి. కొత్త రౌటర్లు చాలావరకు 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండింటినీ ఒకే పేరుతో ఇస్తాయి. ఫోన్ 5లో, కంట్రోలర్ 2.4లో ఉంటే సెటప్ సమయంలో కొన్ని యాప్‌లు తికమకపడతాయి. రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్‌ని కాసేపు ఆపి, జత చేశాక మళ్లీ ఆన్ చేయండి. సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ3 (వైఫైకి రక్షణ ఇచ్చే కొత్త పద్ధతి) మాత్రమే అని ఉంటే చాలా పాత పరికరాలు లోపలికి రాలేవు. పాత పద్ధతి డబ్ల్యూపీఏ2 కూడా ఉండే మిక్స్‌డ్ మోడ్ పెట్టండి. చాలామందికి ఇక్కడే పని అయిపోతుంది.

కనెక్ట్ అయినా యాప్‌లో కనిపించకపోతే అది వేరే కథ. కంట్రోలర్ గెస్ట్ నెట్‌వర్క్‌లో (అతిథుల కోసం రౌటర్ విడిగా ఇచ్చే వైఫై) ఉందేమో చూడండి. అందులో పరికరాలు ఒకదానికొకటి కనబడకుండా సాధారణంగా రౌటరే అడ్డుకుంటుంది. ఫోన్‌లో వీపీఎన్ ఉంటే ఆపండి. ఐఫోన్ అయితే యాప్‌కి లోకల్ నెట్‌వర్క్ అనుమతి ఉందో లేదో కూడా చూడాలి.

మీది కేబుల్‌తో రౌటర్‌కి తగిలించే జిగ్‌బీ హబ్ (బల్బులతో వైఫై కాకుండా జిగ్‌బీ అనే వేరే వైర్‌లెస్ పద్ధతిలో మాట్లాడే పెట్టె) అయితే పైన చెప్పిన 2.4 వైఫై గొడవ దానికి వర్తించదు. హబ్ బాగానే ఉండి బల్బులు మాత్రం మాటిమాటికీ జారిపోతుంటే, హబ్‌ని రౌటర్ పక్కనుంచి ఓ మీటరు దూరం జరపండి. జిగ్‌బీ కూడా వైఫైలాగే 2.4లో నడుస్తుంది, రెండూ ఒకదాన్నొకటి తొక్కేసుకుంటాయి.

ఫ్యాక్టరీ రీసెట్ మాత్రం చివరికి ఉంచుకోండి. సీన్లు (ముందే పెట్టుకున్న లైట్ల సెట్టింగులు), టైమర్లు అన్నీ పోవచ్చు.