తీపి ముట్టని నాకు కువైట్‌లో షుగరు ఎందుకొచ్చింది?

ప్రశ్న: మాది పీలేరు దగ్గర పల్లె. నా వయసు 38. పదకొండేళ్లుగా కువైట్‌లో ఇంటిపని చేస్తున్నాను. రెండు నెలల సెలవు మీద వచ్చి తిరుపతిలో రక్తపరీక్ష చేయించుకుంటే పరగడుపున 168, మూడు నెలల షుగరు (హెచ్‌బీఏ1సీ) 8.1 వచ్చింది. నేను స్వీట్లు తినను. టీ మాత్రం రోజుకు ఆరేడు సార్లు తాగుతాను. రెండో కాన్పప్పుడు షుగరు ఉందన్నారు గానీ బిడ్డ పుట్టాక పోయింది. ఆ పాపకిప్పుడు 13 ఏళ్లు. మాత్రలు మొదలుపెడితే జీవితాంతం వదలవు, రాగిసంగటి తింటే చాలని మా అత్త అంటోంది. నేను మళ్లీ వెళ్లొచ్చా? అక్కడి మేడమ్‌కు తెలిస్తే పనిలోంచి తీసేస్తుందేమోనని భయంగా ఉంది.
- ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, అసలు సంగతి మీరు మాటవరసకు రాసిన ముక్కలోనే ఉంది. ‘బిడ్డ పుట్టాక పోయింది’ అన్నారు. అంకెలు దిగిపోయాయి, నిజమే. ముప్పు మాత్రం అలాగే ఉండిపోయింది. గర్భంతో ఉన్నప్పుడు షుగరు వచ్చిన తల్లులకు కాన్పయ్యాక 6 నుంచి 12 వారాల్లో గ్లూకోజు నీళ్లు తాగించి మళ్లీ పరీక్ష చేయాలి. ఆ తరవాత కూడా ఏడాదికో, మహా అయితే మూడేళ్లకో ఒకసారి చూస్తూ ఉండాలి. బహుశా మీకెవరూ చెప్పి ఉండరు. చెప్పినా, ఇద్దరు పిల్లల్ని ఇంట్లో వదిలి విమానం ఎక్కే మనిషికి ఒంట్లో ఏ బాధా లేకుండా రక్తం తీయించుకోవాలని ఎక్కడ గుర్తుంటుంది?

అందుకే తప్పంతా కువైట్ తిండి మీద వేయలేను. షుగరు వచ్చే గుణం ఇక్కడి నుంచే, మీ పెట్టెలో ఊరగాయ సీసాతోపాటే వెళ్లింది. అక్కడి బతుకు దాన్ని తొందరగా బయటపెట్టింది. గల్ఫ్‌కు వెళ్లినవాళ్ల కథే కాదిది. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో, షికాగో ప్రాంతాల్లో స్థిరపడిన మన దక్షిణాసియా వాళ్ల మీద ఒక పెద్ద అధ్యయనం నడుస్తోంది. దాని పేరు ‘మసాలా’ (నిజంగానే, నేను పెట్టింది కాదు). 40 దాటినవాళ్లను చూస్తే దాదాపు నలుగురిలో ఒకరికి షుగరు తేలింది. అక్కడి తెల్లవాళ్ల కంటే చాలా ఎక్కువ.

ఇక మీ టీ లెక్క చూద్దాం. ఇస్తికానా అంటారే, నడుము సన్నంగా ఉండే ఆ చిన్న గాజు గ్లాసు, అందులో రెండు చెంచాల చక్కెర అనుకుందాం. ఆరు గ్లాసులకు 12 చెంచాలు, సుమారు 60 గ్రాములు. నెలకు 1,800 గ్రాములు. రెండు కేజీల చక్కెర ఇంటికి తెస్తే నెలాఖరుకు గుప్పెడో రెండు గుప్పెళ్లో మిగులుతుందన్నమాట. స్వీట్లు తినరన్న మాట నేను నమ్ముతాను. కానీ లోపలికి పోయింది ఇదీ.

పైగా మీరు ఎప్పుడు తింటారు? మీలాంటి పని చేసి వచ్చినవాళ్లు నా దగ్గర చెప్పేది ఇంచుమించు ఒకటే. ఇంట్లో అందరూ తిన్నాక, రాత్రి పదకొండుకో పన్నెండుకో, మిగిలిన మచ్‌బూస్ అన్నమో, నాలుగు కుబ్బూసు రొట్టెలో. అన్నం పారేయడానికి చేతులు రావు. ఇక్కడ మన ఇళ్లలో మాత్రం, అందరికీ వడ్డించి ఆఖరున గిన్నె ఊడ్చుకుని తినేది ఎవరు? ఆ అలవాటే అక్కడికీ వెళ్లింది. రంజాన్ నెలలో రాత్రంతా వంట, నిద్ర మూడు గంటలు. నిద్ర తగ్గితే ఇన్సులిన్ సరిగా పనిచేయదు.

సెలవుకొచ్చినప్పుడు ఊళ్లో ‘కువైట్ నీళ్లు బాగా పట్టినాయే, ఒళ్లు చేసినావు’ అని మెచ్చుకుని ఉంటారు. ఆ మెప్పును ఈసారి టేపుతో కొలవండి. బొడ్డు దగ్గర, చీర పైనుంచి కాదు, ఒంటికి ఆనించి. మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు దాటితే లోపల కొవ్వు పేరుకున్నట్టే. చేతులు సన్నగా ఉన్నాయని ధీమా పడొద్దు.

మీ అత్తగారి సంగటి విషయం. రాగులు మంచివే. కానీ సంగటిలో బియ్యం ఎంత వేస్తున్నారు, ముద్ద ఎంత, అదీ లెక్క. తలకాయంత ముద్ద తింటే అన్నం తిన్నా ఒకటే. ముద్ద సగం చేసి, పక్కన పితికిపప్పో, ఆకుకూర ఎనిపిన పప్పో, గుడ్డో ఎక్కువ పెట్టుకోండి. చెనిక్కాయల ఊరిబిండి ఉండొచ్చు, ఒక చెంచా. దీనితోనే 8.1 దిగుతుందని నేను చెప్పను, మాత్రలు కావాలి. చాలామందికి మెట్‌ఫార్మిన్‌తో మొదలుపెడతాం. బరువు బాగా తగ్గి షుగరు అదుపులో నిలిస్తే కొందరికి మాత్రలు తగ్గిస్తాం, ఆపడమూ ఉంది. మాత్ర వదలకపోవడం మాత్ర తప్పు కాదు, జబ్బు వదలకపోవడం వల్ల.

ఒక్క జాగ్రత్త. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర రాసేటట్టయితే మీ భోజనం వేళలు డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. అది వేసుకుని భోజనం ఆలస్యమైతే షుగరు ఒక్కసారిగా పడిపోయి వణుకు, చెమటలు, కళ్లు తిరగడం వస్తాయి. పెరటాసి శనివారాలు ఒక్కపొద్దు ఉండే అలవాటుంటే అదీ చెప్పాలి.

వెళ్లొచ్చా అంటే, వెళ్లొచ్చు, పరీక్షలు అయ్యాక. కంటి వెనక పొర, మూత్రంలో ప్రోటీన్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), కొలెస్ట్రాల్, బీపీ చూపించుకోండి. తిరుపతిలోనే రుయా ఆస్పత్రిలోనో స్విమ్స్ ఆస్పత్రిలోనో చూపించుకోవచ్చు. మామూలు షుగరు, బీపీ మీ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఉచితంగా చూస్తారు. మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించాలి, అప్పటికి మీరు అక్కడుంటారు కాబట్టి ఎక్కడ చేయించాలో ఇప్పుడే కనుక్కోండి. 7 లోపుకు రావడం మన లక్ష్యం.

మేడమ్‌కు చెప్పాలా వద్దా అన్నది నా చదువుతో తేలే ప్రశ్న కాదు. ఆమె ఎలాంటి మనిషో మీకే తెలుసు. కానీ అక్కడ మీతో పనిచేసే ఒక్కరికైనా చెప్పి ఉంచండి. మీరు చెమటలు పట్టి కూలబడితే, స్పృహలో ఉన్నప్పుడే చక్కెర నీళ్లు తాగించాలని, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి ఫోన్ చేయాలని వాళ్లకు తెలియాలి.

మూడు నెలల మాత్రలు స్ట్రిప్పులతోనే, డాక్టరు చీటీతో సహా చేతిసంచిలో పెట్టుకోండి, పెద్ద పెట్టెలో కాదు. పాపను కూడా ఒకసారి చూపించండి. మీ కడుపులో ఉన్నప్పుడు షుగరు చూసిన బిడ్డ, బరువు ఎక్కువగా ఉంటే ఇప్పుడే పరీక్ష అవసరం.